వేలు స్పీడున్నోడికే బొమ్మ అంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏదో ఒక లిమిటెడ్ ఎడిషన్ బొమ్మ కోసమో కార్డుల కోసమో జనం తోసుకున్నారు, కొట్టుకున్నారు అని వార్త వచ్చినప్పుడల్లా ఒక ఫోటో, దానిమీద ఒక వెటకారం హెడ్డింగు, చదివినవాళ్ళు "వీళ్ళకేం పనిలేదా" అని నవ్వుకోడం, అంతే, అక్కడితో అయిపోతుంది. అసలు ఆ కంపెనీ ఎన్ని చేసింది, అందులో ఎన్ని మామూలు జనానికి అమ్మకానికి పెట్టింది, ఎలా అమ్మింది అని ఒక్కరూ అడగరు. ఇవి సేకరించే మాకు పిచ్చి ఉంది, కాదనను, కానీ మనిషిని మనిషి తోసేదాకా తెచ్చింది మాత్రం ఆ అమ్మే పద్ధతేనండీ, దాని గురించే ఈ ఉత్తరం.

ఇవి సేకరించే అలవాటు లేనివాళ్ళకి అక్కడేం జరుగుతుందో చెప్తాను. 10 గంటలకి సేల్ అంటే తొమ్మిదిన్నర నుంచే పేజీ తెరుచుకుని కూచుంటాం, అడ్రస్సు, కార్డు నంబరు అన్నీ ముందే సేవ్ చేసుకుని. పది అవ్వగానే అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న బటన్‌కి రంగొస్తుంది, నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎట్టకేలకి కార్ట్‌లో పడుతుంది, హమ్మయ్య అనుకుని పేమెంట్‌కి వెళ్తే ఓటీపీ రావాలి, అది వచ్చి టైప్ చేసేలోపు కార్ట్ ఖాళీ. అంటే కార్ట్‌లో పడ్డా మనది కాదన్నమాట, డబ్బు కట్టేదాకా ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. సోల్డ్ అవుట్ అని పడ్డ కాసేపటికే అదే బొమ్మ రీసేల్ సైట్లో మూడింతల రేటుకి కనబడుతుంది, అదీ కంపెనీ విడుదల చేసిన ఫోటోతోనే, ఎందుకంటే ఆ అమ్మేవాడి చేతికి కూడా ఇంకా సరుకు రాలేదు కదా!

ముందొచ్చినవాళ్ళకి ముందు అనే రూలు వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది, ఒకప్పుడు షాపు ముందు నిలబడ్డ క్యూలో అది కొంతవరకు న్యాయమే, కనీసం నిలబడ్డ ఓపికకి విలువ ఉండేది. ఆన్‌లైన్లో ఆ ఓపికకి విలువ లేదు, సెకను తేడాకే విలువ, ఆ సెకనులో మనిషి బాట్‌తో, అంటే మనిషి బదులు తనంతట తానే కొనేసే కంప్యూటర్ ప్రోగ్రాంతో, ఎలా పోటీ పడతాడు చెప్పండి. పేరు, అడ్రస్సు, కార్డు నంబరు నింపి ఆర్డరు కొట్టెయ్యడం దానికి రెప్పపాటు పని. అమెరికా టంకశాల 2019 నవంబర్లో 30,000 వెండి నాణేలు ఇంటికి ఒక్కటే అని రూలు పెట్టి మరీ అమ్మింది, అవి నిమిషాల్లో అయిపోయాయి. 2021లో పాత డాలరు నాణేల డిజైన్లు మళ్ళీ తెచ్చినప్పుడు వెబ్‌సైటే తట్టుకోలేక తర్వాతి అమ్మకాల తేదీలు వాయిదా వేసుకున్నారు. ప్రభుత్వం నడిపే సంస్థ పరిస్థితే అది. పోనీ చట్టం ఉందా అంటే, బాట్లమీద అమెరికాలో 2016లో ఒక చట్టం తెచ్చారు, అది షోల, ఆటల టికెట్లకే, బొమ్మలకీ బూట్లకీ కార్డులకీ వర్తించదు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది, డిమాండ్ అంత ఉంటే కంపెనీయే రేటు పెంచొచ్చుగా, వేలం వెయ్యొచ్చుగా అని. లెక్కప్రకారం కరెక్టే, కానీ కంపెనీలు ఆ పని చెయ్యవు, దానికి కారణం ఉంది. 1986లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు జనాన్ని ఒక ప్రశ్న అడిగారు, 15 డాలర్లకి అమ్మే మంచు ఎత్తే పారని పెద్ద మంచు పడ్డ మర్నాడు షాపువాడు 20 డాలర్లు చేస్తే న్యాయమా అని. 82 శాతం మంది అన్యాయం అన్నారు. ఐదు డాలర్లకే అలా అంటే బొమ్మకి మూడింతలు చేస్తే ఇంకేమంటారు! అందుకే కంపెనీ రేటు తక్కువగానే ఉంచి మంచి పేరు కొట్టేస్తుంది, బయట పలికే రేటుకీ దానికీ మధ్య ఉన్న తేడా మొత్తం ముందుగా నొక్కినవాడి జేబులోకి పోతుంది. ఆ తేడా ఉన్నంతకాలం బాట్లు వస్తూనే ఉంటాయి, నువ్వు మనిషివేనా అని అడిగే క్యాప్చా పరీక్షలు ఎన్ని పెట్టినా అంతే, వాటిని డబ్బులిచ్చి మనుషులచేత చేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వేలం అనేది చేత్తో గీసిన ఒరిజినల్ లాంటి ఒక్కటే ఉన్న వస్తువుకి సరే, మిగతావాటికి పెట్టారంటే బాట్ పోయి డబ్బున్నవాడు వస్తాడు, అంతే తేడా.

నా లెక్కలో చాలావాటికి మందు చాలా సింపుల్. నంబరుకి లిమిట్ పెట్టడం మానేసి టైముకి లిమిట్ పెట్టండి. రెండు వారాలో మూడు వారాలో ఆర్డర్లు తీసుకోండి, ఆ గడువులో డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ ఒకటి గ్యారంటీ, గడువు అయ్యాక మొత్తం ఎన్ని వచ్చాయో లెక్క ప్రకటించి అన్నే తయారుచెయ్యండి, ఇక మళ్ళీ చెయ్యం అని రాసివ్వండి. జపాన్‌లో గుడ్ స్మైల్ లాంటి బొమ్మల కంపెనీలు ఎప్పటినుంచో తమ సొంత షాపుల్లో ఇలా గడువు పెట్టి ప్రీఆర్డర్లు తీసుకుంటున్నాయి. వీడియో గేములు డిస్కుల మీద వేసి అమ్మే లిమిటెడ్ రన్ గేమ్స్ అనే కంపెనీ మొదట్లో నంబరు పెట్టి అమ్మింది, నిమిషాల్లో అయిపోతున్నాయని తిట్లు తింది, తర్వాత చాలా గేములకి కొన్ని వారాల ఓపెన్ ప్రీఆర్డర్‌కి మారింది. ఇలా అమ్మితే పది గంటలకి నొక్కినా, డ్యూటీ దిగి ఇంటికొచ్చి రాత్రి నొక్కినా, జీతం పడ్డాక వచ్చే వారం నొక్కినా ఒకటే. రీసెల్లర్ కూడా కొనుక్కోవచ్చు, కొనుక్కోనివ్వండి, కావాల్సినవాళ్ళందరికీ దొరికాక వాడు ఎవరికి అమ్ముతాడు?

దీనికి చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. నెలల తరబడి ఆగాలి, డబ్బు ముందే ఇరుక్కుంటుంది, నిజమే, అందుకే అడ్వాన్సు కొంత తీసుకుని మిగతాది పంపేముందు తీసుకోమంటాను. ఇంకోటి, అలా చేస్తే ఇక లిమిటెడ్ ఎక్కడుంది, విలువ పడిపోతుంది అంటారు. గడువు తర్వాత లెక్క ఆగిపోయింది కదండీ, పెట్టెమీద ఆ నంబరు వెయ్యండి, అది లిమిటెడ్ కాక ఏంటి. పైగా కంపెనీకే లాభం, ఎన్ని అమ్ముడుపోతాయో ఊహించక్కర్లేదు. ఊహ తప్పితే ఏమవుతుందో 2023లో ఫన్‌కో అనే బొమ్మల కంపెనీ చూపించింది, గోడౌన్లో పేరుకుపోయిన 3 కోట్ల నుంచి 3.6 కోట్ల డాలర్ల సరుకుని పారేస్తున్నట్టు వాళ్ళే చెప్పుకున్నారు. ఒకపక్క దొరక్క జనం ఏడుస్తుంటే ఇంకోపక్క ఆ పారబోత ఏంటో!

కాకపోతే లిమిటెడ్ కాదు అని నోటితో చెప్తే చాలదు. 2022 మార్చిలో స్వాచ్ వాళ్ళు ఒమేగాతో కలిసి తెచ్చిన వాచీకి ఇది లిమిటెడ్ ఎడిషన్ కాదు అనే చెప్పారు, కానీ ఆన్‌లైన్లో పెట్టకుండా ఎంపిక చేసిన షాపుల్లోనే, చాలా తక్కువ సరుకుతో అమ్మేసరికి చాలా దేశాల్లో షాపుల ముందు జనం విరగబడ్డారు. కంపెనీ మాట ఒకటి, షాపులో సరుకు ఇంకోటి అయితే జనం సరుకునే నమ్ముతారు.

ఇక నిజంగానే ఎక్కువ చెయ్యలేనివి ఉంటాయి, ఆర్టిస్టు సంతకం పెట్టాల్సినవి, చేత్తో రంగులు వేసేవి, వాటికి లాటరీలా పేర్లు తీసే డ్రా తప్ప దారి లేదు. డ్రా అంటే మళ్ళీ ఒక నిమిషం తెరిచి మూసెయ్యడం కాదు, మూడు రోజులు తెరిచి ఉంచాలి, పేరు మొదటి గంటలో ఇచ్చినా చివరి గంటలో ఇచ్చినా ఛాన్స్ ఒకటే. వెయ్యి అకౌంట్లు తెరిచేవాడిని ఆపాలంటే అకౌంటుకి వయసుండాలి. 2021లో వాల్వ్ అనే గేముల కంపెనీ తన చేతి గేమింగ్ మెషిన్ బుకింగు తెరిచినప్పుడు మొదటి 48 గంటలు ఆ ఏడాది జూన్ కంటే ముందే స్టీమ్ అనే తన ఆన్‌లైన్ గేముల షాపులో ఏదో ఒకటి కొన్న అకౌంట్లకే ఛాన్స్ ఇచ్చింది, 5 డాలర్లు కట్టించుకుంది, కొత్తగా పుట్టిన దొంగ అకౌంట్లకి ఆ రెండు రోజులూ దారి లేదు. 2025లో నింటెండో కంపెనీ స్విచ్ 2 అనే కొత్త గేమింగ్ మెషిన్ కోసం జపాన్‌లో తన సొంత స్టోర్ డ్రాలో పాల్గొనాలంటే పాత స్విచ్ మీద కనీసం 50 గంటలు ఆడి ఉండాలి, ఏడాది మెంబర్‌షిప్ ఉండాలి అంది, అయినా 22 లక్షల మంది అప్లై చేశారు, చాలామందికి రాదని కంపెనీ ప్రెసిడెంటే ముందుగా క్షమాపణ చెప్పాడు. రాదు అని ముందే చెప్పడం కూడా ఒక మర్యాదే, నా మటుకు నాకు నచ్చింది.

ఈ ఫ్యాన్ అని రుజువు చూపించమనడంలో మాత్రం ఒక చిక్కుంది. ఎంత కొన్నాడో దాన్నిబట్టి ఛాన్స్ ఇస్తే డబ్బున్న పెద్ద ఫ్యాన్‌కే ఎప్పుడూ వస్తుంది, ఈ మధ్యే ఇష్టపడటం మొదలెట్టిన పదిహేనేళ్ళ కుర్రాడికి ఎప్పటికీ రాదు. కాబట్టి కొంత వాటా పాతవాళ్ళకి, కొంత ఎవరైనా రావొచ్చు అన్నట్టు పక్కన పెట్టాలి. దానికంటే ముఖ్యం, డ్రాలో ఓడినవాడికి వచ్చేసారి కాస్త ఎక్కువ ఛాన్స్ ఇవ్వాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, అమెరికా పడమటి రాష్ట్రాల్లో జింకల వేట పర్మిట్లు డ్రా తీసేటప్పుడు రానివాళ్ళకి పాయింట్లు కలుపుతారు. అందులోనూ రెండు రకాలు, కొలరాడోలో చాలావరకు పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకే ముందు, దాంతో మంచి అడవులకి పాయింట్లు ఏటా పెరిగిపోయి కొత్తవాడు ఏళ్ళకేళ్ళు కాచుక్కూచోవాలి, నెవాడాలో అయితే పాయింట్లు ఛాన్సుని పెంచుతాయి గానీ కొత్తవాడికీ తలుపు తెరిచే ఉంటుంది. మన బొమ్మలకి ఈ రెండో రకం సరిపోతుంది. జింక పర్మిట్‌కి ఉన్న బుద్ధి బొమ్మల డ్రాకి ఎందుకు లేదో మరి.

షాపుల్లో అమ్మేవాటికి ఇంకో చిట్కా ఉంది, దీనికి మాలో సగంమంది నన్ను తిడతారు. కార్డుల పెట్టెమీద ఉండే పలచటి ప్లాస్టిక్ కవరుని కౌంటర్లోనే చింపి ఇవ్వడం, జపాన్‌లో కొన్ని షాపులు చేస్తున్నాయి. ఆడుకోడానికో చూసుకోడానికో కొన్నవాడికి ఏ నష్టమూ లేదు, ఇంటికెళ్ళి ఎలాగూ చింపేవాడే, అమ్ముకునేవాడికి మాత్రం సీలు పోతే రేటు పోతుంది. సీలు తియ్యకుండా అలమరాలో పెట్టుకునే పెద్దమనుషులకి బాధే, కానీ పిల్లల కార్డుల విషయంలో నేను పిల్లల పక్షం. 2025 ఆగస్టులో జపాన్ మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనంతో పోకెమాన్ కార్డులిస్తే పెద్దవాళ్ళు గుట్టలకొద్దీ కొని కార్డులు తీసుకుని తిండి వదిలేసిపోయారు, కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం కూడా తోపులాట చూసి తన పికాచు పోకెమాన్ కార్డు ఇవ్వడమే ఆపేసింది. మనిషికి ఎన్ని అనేది మొదటిరోజే గట్టిగా పెట్టాలి గానీ గొడవలయ్యాక పెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది దాపరికం. వెయ్యి పీసులు అని ప్రకటిస్తారు, అందులో స్టాఫ్‌కి ఎన్ని, యూట్యూబర్లకి ఎన్ని, పెద్ద డీలర్లకి ఎన్ని పక్కన పెట్టారో చెప్పరు, మిగిలిన ఎన్నో కొన్ని సైట్లో పెట్టి రెండు నిమిషాల్లో అయిపోయాయని గొప్పగా పోస్టు పెట్టుకుంటారు. ఆ రెండు నిమిషాలు వాళ్ళకి పబ్లిసిటీ, అందుకే పద్ధతి మార్చుకోరు. క్యాన్సిల్ అయిన ఆర్డర్లు ఎటు పోతాయో కూడా ఎవరికీ తెలీదు, వరసలో వెనకున్నవాళ్ళకి రావాలి నిజానికి.

కాబట్టి ఎడిటర్ గారూ మీకు ఒక విన్నపం. ఇకమీదట ఏ లిమిటెడ్ ఎడిషన్ లాంచ్ వార్త మీకు కంపెనీ పంపినా, అందమైన ఫోటోతోపాటు మొత్తం ఎన్ని చేస్తున్నారు, అందులో సైట్లో జనానికి ఎన్ని, మనిషికి ఎన్ని, స్పీడా గడువా డ్రానా, మళ్ళీ వేస్తారా వెయ్యరా అని వాళ్ళని అడిగి ఆ జవాబులు కూడా అచ్చు వెయ్యండి. చెప్పకపోతే అడిగినా చెప్పలేదని వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు