జీవిత చరిత్ర వ్యాసాల్లో వివాదాస్పద వివరాలు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు తెలుగు వికీపీడియాలో రాసే మన వాడుకరుల సంఘం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఎడిటథాన్లు (అందరం కలిసి కూర్చుని వ్యాసాలు రాసే కార్యక్రమాలు), కొత్త వాడుకరుల శిక్షణ, ఫొటోల సేకరణ యథాప్రకారం జరిగాయి. వాటి వివరాలు నెలవారీ సమావేశాల మినిట్స్‌లో ఉన్నందున ఇక్కడ తిరిగి రాయడం లేదు. ఈ ఏడాది మన సమయంలో ఎక్కువ భాగం తెలుగు వికీపీడియా జీవిత చరిత్ర వ్యాసాల్లో పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు వంటి వివరాలపై వచ్చిన తగాదాలకే పోయింది కాబట్టి, ఈ నివేదిక కూడా దానికే పరిమితం.

అందరికీ తెలిసిన ఉదాహరణ పింగళి వెంకయ్య వ్యాసం. ఆగస్టు 2 అన్న తేదీ దగ్గర పేచీ లేదు. సంవత్సరం మాత్రం కొన్ని పుస్తకాల్లో 1876, కొన్నింట్లో 1878 అని ఉంది. పుట్టిన ఊరిగా భట్లపెనుమర్రు పేరు, పెదకళ్లేపల్లి పేరు రెండూ వినిపిస్తాయి. ఒకరు సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పట్టికలో) అంకె మార్చడం, మరొకరు దాన్ని రద్దు చేయడం, చివరికి విషయం వికీలో అందరూ చర్చించే పేజీ అయిన రచ్చబండకు ఎక్కడం మనకు కొత్త కాదు. 2022లో కేంద్ర ప్రభుత్వం 146వ జయంతి జరిపింది కనుక 1876 ఖాయమైనట్టేనని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. ప్రభుత్వం ఏ లెక్కను అనుసరించిందో చెప్పడానికి ఆ ఉత్సవం ఆధారమవుతుందే గాని, ఆయన ఏ సంవత్సరంలో పుట్టాడో తేల్చడానికి సరిపోదని సంఘం అభిప్రాయపడింది. రెండు సంవత్సరాలనూ, ఏది ఏ మూలంలో ఉందో చూపిస్తూ వ్యాస పాఠంలోనే రాయాలని చర్చా పేజీలో ప్రతిపాదించాం. వికీపీడియాకు తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటాలో ఒకే వ్యక్తికి రెండు పుట్టిన తేదీలు, వేటి మూలాలు వాటికి ఇచ్చి నమోదు చేసే వీలుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు.

ఈ సందర్భంలోనే ఒక సీనియర్ సభ్యుడు లేవనెత్తిన విషయం తరువాతి నెలల్లో చాలా ఉపయోగపడింది. మన ఇళ్లలో పెద్దలకు ఇంగ్లీషు సంవత్సరం అంకె గుర్తుండదు, సంవత్సరం పేరు గుర్తుంటుంది. 1876 ధాత నామ సంవత్సరం, 1878 బహుధాన్య. ధాత కరువు పేరు కథల్లో విన్నవారికి ఆ రెండూ కలగాపులగం కావడం కష్టం. కానీ అన్ని పేర్లూ అంత దూరంగా ఉండవు. అల్లూరి సీతారామరాజు జననం విషయంలో 1897, 1898 రెండూ ప్రచారంలో ఉన్నాయి. మొదటిది హేవిళంబి, రెండోది విళంబి. తేడా అక్కడే వచ్చిందని మేము అనడం లేదు. అలా అంటే అది మౌలిక పరిశోధన, అంటే ప్రచురిత మూలం లేని మన సొంత ఊహ అవుతుంది, వ్యాసంలోకి రాకూడదు. ఇలాంటి జంట పేర్లు ఎదురైనప్పుడు చెయ్యి ఆగాలన్నదే మా సూచన. శాలివాహన శక సంవత్సరానికి 78 కలిపి ఇంగ్లీషు సంవత్సరం రాసేసి చేతులు దులుపుకునే అలవాటునూ మానుకోవాలి. కొత్త సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది గనుక 1910 జనవరిలో పుట్టినవారు సౌమ్యలో, అదే ఏడాది మే నెలలో పుట్టినవారు సాధారణలో పడతారు. పైగా అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది.

పుట్టిన ఊరి తగాదాల్లో సగానికి మూలం మన పురుడు సంప్రదాయమే. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. బిడ్డ అమ్మమ్మగారింట పుడతాడు, ఊరిపేరు మాత్రం తండ్రివైపుది చెప్పుకుంటాడు. సీతారామరాజు విషయంలో విశాఖపట్నం వైపు పాండ్రంగి, భీమవరం దగ్గర మోగల్లు రెండూ వినిపించడంలో వింత లేదు. జన్మస్థలం, స్వగ్రామం అన్న రెండు మాటలనూ వేరుగా వాడితే ఈ రకం గొడవల్లో చాలా భాగం పుట్టవు. ఈ మేరకు శైలి పేజీలో ఒక వాక్యం చేర్చాలని ప్రతిపాదించాం, ఇంకా ఎవరూ వ్యతిరేకించలేదు.

ఈ ఏడాది మనం తలవంచుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. కొన్నేళ్ల కిందట కన్నుమూసిన ఒక రంగస్థల నటుడి వ్యాసంలో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉందని ఆయన కుమార్తె చర్చా పేజీలో రాశారు. వ్యాసంలో దానికి ఒక దినపత్రిక అనుబంధంలో వచ్చిన నివాళి మూలంగా ఉంది, కాబట్టి మొదట మేము ఆమె మాట పక్కన పెట్టాం. ఆమె పంపిన పాఠశాల సర్టిఫికెట్ ఫొటో ప్రచురితం కానందున దాన్నీ తీసుకోలేదు. తీరా పేజీ చరిత్ర తెరిచి చూస్తే, ఆ సంవత్సరాన్ని ఫిబ్రవరిలో ఒక అజ్ఞాత వాడుకరి మూలం లేకుండా చేర్చినట్టు, పత్రికలో నివాళి అదే ఏడాది నవంబరులో వచ్చినట్టు తేలింది. వాక్యాల వరుస కూడా మన వ్యాసానిదే. మన తప్పును పత్రిక ఎత్తుకుంది, ఆ పత్రికను మనమే తిరిగి మూలంగా పెట్టుకున్నాం. ఆ మూలాన్ని చేర్చింది మన సభ్యుడే. చివరికి ఒక పాత గ్రంథాలయంలో, ఆయన సన్మానం నాటి నాటక పరిషత్తు ప్రత్యేక సంచిక దొరికింది. అట్ట వెనక పేజీలో, ఆయన ఫొటో కింద పుట్టిన సంవత్సరం అచ్చయి ఉంది, అది కుమార్తె చెప్పిన అంకే. వ్యాసం సరిచేసి ఆమెకు క్షమాపణ రాశాం. వ్యాసంలో ‘గారు’ ఎందుకు పెట్టరని ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం, ఏకవచనం తెలుగు వికీ శైలి అని ఎంత మర్యాదగా చెప్పినా, ఆమెను ఒప్పించలేకపోయాం.

ఇకపై ఏ పత్రికా మూలాన్నైనా చేర్చే ముందు దాని తేదీని, వ్యాసంలో ఆ వివరం మొదట చేరిన తేదీతో పోల్చి చూడాలని కార్యవర్గం తీర్మానించింది. జీవించి ఉన్నవారి విషయంలో నియమం ఇంకా కఠినం: పాన్ కార్డు, ఓటరు జాబితా వంటివి చూసి పుట్టిన తేదీ రాయకూడదు, నమ్మదగిన ప్రచురిత మూలం లేకపోతే ఆ గడి ఖాళీగానే ఉండాలి.

తేలని వ్యాసాల్లో ముఖ్యమైనది బమ్మెర పోతనది. ఆయన ఊరిగా చెప్పే ఏకశిలానగరం ఓరుగల్లేనని ఒక పక్షం, ఒంటిమిట్ట అని మరో పక్షం తరతరాలుగా వాదిస్తున్నాయి, రెండు రాష్ట్రాలయ్యాక స్వరం మరింత పెరిగింది. రెండు వాదాలకూ చెరొక విభాగం ఇచ్చి, ఏ వాదం ఏ పండితుడిదో పుస్తకం, పుట సంఖ్యలతో సహా చూపించే ముసాయిదా ప్రస్తుతం ప్రయోగశాలలో (చిత్తు ప్రతులు రాసుకునే వికీ పేజీలో) ఉంది. ఓరుగల్లు వైపు పుస్తకాల స్కాన్లు ఎక్కువగా అందాయి, ఒంటిమిట్ట వైపువి తక్కువ. కడప, రాజంపేట ప్రాంతాల సభ్యులు స్థానిక గ్రంథాలయాల్లో వెతికి, సంబంధిత పుటల వివరాలను వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందే చర్చా పేజీలో చేర్చాలని కోరుతున్నాను.

కార్యదర్శి