పూసల డబ్బా గురించి నీకో మాట

కన్నా,

ఎదురుగా కూర్చోబెట్టి చెబితే నువ్వు తల దించుకుంటావు, నాకేమో గొంతు పెరుగుతుంది. అందుకే రాసి నీ పుస్తకాల మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

నిన్న బొమ్మల షాపులో చెల్లి ఆ పసుపు క్రేన్ డబ్బాను రెండు చేతులా గుండెకు హత్తుకుని మన దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అది అబ్బాయిల బొమ్మే, అక్కడే పెట్టేసి రా" అన్నావు నువ్వు. కోపంగా అనలేదని నాకు తెలుసు. తెలియని పిల్లకు తెలిసినవాడు చెప్పినట్టు చెప్పావు. అది మారు మాట్లాడకుండా వెళ్లి పెట్టేసి వచ్చింది. ఇల్లు చేరేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదురా. ఆ మాట నీకు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఆ రోజు నీ పక్కన ఉన్నది నేనే.

నీకప్పుడు ఆరేళ్లు. పుట్టినరోజుకు ఏం కావాలో నువ్వే చూసుకోమన్నాం. పూసలు గుచ్చుకునే సెట్టు ఒకటి నీ కంట పడింది. మూతకు పల్చటి ప్లాస్టిక్ కాగితం, దాని కింద చిన్న చిన్న గళ్లు, గడికో రంగు పూసలు. ఒక్కో గడి మీద గోరు ఆనించి పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ పోయావు. చివరి గడిదాకా వెళ్లి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టావు. తర్వాత డబ్బా వెనక్కి తిప్పావు. వెనకంతా గులాబీ రంగు. గొలుసులు వేసుకుని నవ్వుతున్న ఇద్దరు అమ్మాయిల ఫొటో, మూలన "అమ్మాయిల కోసం" అన్న అక్షరాలు. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటున్నావు. చదివావు. డబ్బా ఉన్నచోటే పెట్టేసి చెయ్యి జేబులో దాచుకున్నావు. పక్క వరుసలోకి వెళ్లి ఒక కారు తెచ్చుకున్నావు.

అదంతా నేను చూస్తూనే ఉన్నాను. "నీకు నచ్చితే తీసుకో నాన్నా" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బిల్లు దగ్గర ఎవరైనా ఏమైనా అంటారేమో, ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వుతారేమో అని నాకు టెన్షన్. ఆ కారుతో నువ్వు రెండు రోజులు కూడా ఆడలేదు. ఆ రోజు నోరు మూసుకున్నందుకు నీకు సారీ చెప్పాల్సింది ఎప్పుడో. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ డబ్బా మీద ఆ అక్షరాలు ఎందుకున్నాయో అప్పుడు చెప్పినా నీకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు పదకొండేళ్లవాడివి.

అమ్మాయిలకు గులాబీ, అబ్బాయిలకు నీలం అనేది పుట్టుకతో వచ్చిందన్నట్టు మాట్లాడతారు అందరూ. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారులు చదువుకునే ఒక పత్రిక సరిగ్గా దీనికి తలకిందులుగా రాసింది. గులాబీ గట్టి రంగు కాబట్టి అబ్బాయిలకట, నీలం సుకుమారంగా ఉంటుంది కాబట్టి అమ్మాయిలకట! నీ షెల్ఫులో వరుసగా నిలబెట్టుకున్న హీరో బొమ్మల సంగతీ అంతే. 1964లో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మ తెచ్చింది. చేతులు, కాళ్లు వంగుతాయి, బట్టలు మార్చొచ్చు. చూడబోతే అదీ డాల్ బొమ్మే. డాల్ అంటే అబ్బాయిల కోసం ఎవరూ కొనరని "యాక్షన్ ఫిగర్" అని కొత్త పేరు పెట్టారు. నువ్వు వాటికి కథలు అల్లుతూ గంటలు గంటలు ఆడుకునేవాడివి. పేరు ఏదైతేనేం, ఆ ఆట ఎంత బాగుండేదో.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. మొదటి నుంచీ అన్నీ వేరు వేరుగానే ఉన్నాయని, ఇప్పుడిప్పుడే మారుతున్నాయని అనుకునేదాన్ని. ఎలిజబెత్ స్వీట్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో సియర్స్ అనే దుకాణాల కంపెనీ పాత క్యాటలాగులు వెతికి చూశారు. 1975 నాటి ప్రకటనల్లో ఇది అబ్బాయిలకు, ఇది అమ్మాయిలకు అని విడదీసి చెప్పిన బొమ్మలు 2 శాతం కూడా లేవు. దానికి ముందటేడు, 1974లో, ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే లెగో వాళ్లు తల్లిదండ్రుల కోసం డబ్బాలో ఒక చీటీ పెట్టారు. ఏదో ఒకటి తయారు చేయాలన్న ఆరాటం పిల్లలందరిలో ఒకేలా ఉంటుంది, బొమ్మరిల్లు ఇష్టపడే అబ్బాయిలు చాలామంది, అంతరిక్ష నౌకలు ఇష్టపడే అమ్మాయిలు చాలామంది అని అందులో ఉంది. నేను పుట్టకముందే అంత చక్కగా చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత గోడలు మళ్లీ లేచాయి.

ఎందుకు లేచాయో నీ సైకిల్‌ని అడుగు, చెబుతుంది. నీకు చిన్నదైపోయాక చెల్లికి ఇద్దామనుకున్నాం. నీలం రంగు, మెరుపు స్టిక్కర్లు. అది అబ్బాయిల సైకిల్ అని చెల్లి ఎక్కనే లేదు, కొత్తది కొన్నాం. నీ సైకిల్ చెక్కుచెదరలేదు, చక్రాలు బాగానే తిరుగుతున్నాయి. అయినా ఒకే ఇంట్లో ఒకే వస్తువు రెండుసార్లు అమ్ముడుపోయింది. పైగా రంగు మారితే ధర కూడా మారుతుందట. 2015లో న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ ఒకేలాంటి వస్తువులను పక్కపక్కన పెట్టి పోల్చితే, అమ్మాయిల పేరుతో అమ్మే బొమ్మల ధర సగటున 7 శాతం ఎక్కువని తేలింది.

డబ్బు పోతే పోయింది. నా బాధ నీ జేబులోకి వెళ్లిన ఆ చెయ్యి గురించి. 2021లో లెగో తరఫున ఏడు దేశాల్లో పిల్లల్ని, తల్లిదండ్రుల్ని అడిగారు. అమ్మాయిల ఆటలు ఆడితే నవ్వుతారేమోనని భయపడిన అబ్బాయిలు 71 శాతం. అమ్మాయిల్లో అలాంటి భయం తక్కువే. అది చదివినప్పుడు నాకు నువ్వే కనిపించావు.

2012లో అమెరికాలో ఒక పదమూడేళ్ల పిల్ల ఏం చేసిందో చెప్పనా? దాని తమ్ముడికి నాలుగేళ్లు, కేకులు చేసే బొమ్మ ఓవెన్ కావాలన్నాడు. చూస్తే డబ్బా మీద అంతా అమ్మాయిలే. తమ్ముడికి అది నీది కాదని చెప్పడం ఆ పిల్లకు మనసొప్పలేదు. డబ్బాల మీద అబ్బాయిల్ని కూడా చూపించండని కంపెనీకి అర్జీ పెట్టింది. వేలమంది సంతకాలు చేశారు. జి.ఐ. జో చేసిన హాస్‌బ్రోయే ఆ ఓవెన్ చేసేది. వాళ్లు ఆ అమ్మాయిని పిలిపించి, నలుపు, వెండి రంగుల్లో తెస్తున్న కొత్తదాన్ని చూపించారు. నీకంటే రెండేళ్లు పెద్దది, అంతే.

గులాబీ రంగు మీద నాకేం కోపం లేదు. చెల్లికి ఆ రంగు గౌనంటే ప్రాణం. వేసుకోనీ, ఆ గౌనుతోనే కూర్చుని క్రేన్ తిప్పుకోనీ.

మధ్యాహ్నం వెళ్లి ఆ క్రేన్ తెచ్చాను. నా బీరువాలో కింది అరలో, దుప్పట్ల వెనక ఉంది. చెల్లికి నువ్వే ఇవ్వు. పెద్దగా ఏమీ చెప్పక్కర్లేదు. బ్యాటరీల మూతకు చిన్న స్క్రూ ఉంది, చెల్లికి తిప్పడం రాదు, నువ్వు తిప్పి పెట్టు.

పూసలంటే నీకు ఇంకా ఇష్టముందో లేదో నాకు తెలియదు. నిన్ను మళ్లీ అడగనే లేదు కదా. ఉంటే చెప్పు, శనివారం ఇద్దరం వెళ్దాం. ఈసారి ఆ డబ్బా నా చేత్తో నేనే బిల్లు దగ్గర పెడతాను.

అమ్మ