టైరు లైటు ఆర్పమంటే టేపు అతికించారు

కస్టమర్ కేర్ విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: గాలి హెచ్చరిక లైటు రిపేరు పేరుతో మీ హైదరాబాద్ సర్వీస్ సెంటర్ చేసిన నిర్వాకం గురించి.

అయ్యా,

మీ కంపెనీ ఎస్‌యూవీ ఒకటి 2014 నుంచి నా దగ్గర ఉంది. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. బండి మీద నాకు అప్పుడూ ఫిర్యాదు లేదు, ఇప్పుడూ లేదు. మల్కాజిగిరికి దగ్గరని నేను మొదటినుంచీ వెళ్తున్న మీ సర్వీస్ సెంటర్ మీద ఉంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. కాబట్టి ఊరికే ఏదో చేయించుకుందామని రాస్తున్నానని మాత్రం అనుకోకండి.

పోయిన డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే బండి తీస్తే మీటరులో పసుపురంగు లైటు వెలిగింది. గుర్రపు నాడా లాంటి గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లలో గాలి తక్కువైందని. ఆ రోజు అది నిజమే చెప్పింది. మే నెల ఎండలో, 40 డిగ్రీల వేడిలో పట్టించిన గాలి డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలికి అంతే ఉండదు. ఐదారు డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) చొప్పున దిగిపోతుంది. ఆపైన నేను ఆర్నెల్లుగా గాలి చూసుకోలేదు. తప్పు నాదే.

బండి మీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి అడ్వైజర్‌తో నేనన్న మాట ఇంకా గుర్తుంది: "ముందు ఈ లైటు ఆర్పించు బాబూ, చాలు." ఈ మాటతో తర్వాత పని పడింది, అందుకే రాస్తున్నాను.

డ్రైవర్ తలుపు తీస్తే కనబడే స్టిక్కర్ మీద 35 పీఎస్‌ఐ అని మీరే అచ్చు వేశారు. వాళ్లు 40 కొట్టారు. అదేంటంటే, "ఎక్కువుంటే లైటు మళ్లీ రాదు సార్" అన్నారు. గాలి ఎక్కువైతే టైరు మధ్యభాగమే రోడ్డుకు ఆని అక్కడే అరిగిపోతుందని, వానలో పట్టు తగ్గుతుందని పంచర్ షాపు కుర్రాడికి కూడా తెలుసు. మర్నాడు పొద్దున, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, నేనే 35కు దింపుకున్నాను. లైటు రాలేదు.

జనవరిలో మళ్లీ వచ్చింది. ఈసారి వరస వేరు. బండి ఆన్ చేయగానే ఒక నిమిషం పైగా మినుకుమినుకుమని కొట్టుకునేది, ఆ తర్వాత ఇంజను ఆపేదాకా వెలుగుతూనే ఉండేది. గాలి చూస్తే నాలుగింట్లోనూ 35. ఈ తేడాకు అర్థం ఉందని అప్పుడు నాకు తెలియదు. డాలస్‌లో ఉండే మా అన్నయ్య కొడుకు ఫోన్లో చెప్పాడు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ గాలి హెచ్చరిక ఏర్పాటు తప్పనిసరట. గాలి తక్కువైనా, ఏర్పాటే పాడైనా ఒకే లైటు చెప్పే బండ్లలో, పాడైనప్పుడు అది 60 నుంచి 90 సెకన్లు మినుకుమని తర్వాత నిలవాలని అక్కడి నిబంధనే చెబుతుందట. అలా కొట్టుకుంటే గాలి తక్కువని కాదు, గాలిని కొలిచే ఏర్పాటే పాడైందని. ఫోన్ పెట్టేశాక డాష్‌బోర్డు అరలోంచి మీ మాన్యువల్ తీసి చూశాను. అందులోనూ అదే ఉంది. ఇన్నేళ్లూ దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదని ఒప్పుకుంటున్నాను. మీ అడ్వైజరూ విప్పినట్టు లేడు. ఎందుకంటే నేను లైటు మినుకుమంటోందని, బండికి చేయాల్సిన పని రాసుకునే జాబ్ కార్డులో రాయించినా, ఆయన మళ్లీ గాలే పట్టించాడు. స్కాన్ చేశామని రూ. 1,180 బిల్లు వేశాడు.

ఫిబ్రవరిలో మూడోసారి వెళ్లాను. మళ్లీ స్కాన్, మళ్లీ రూ. 1,180. ఈసారి రోగం దొరికిందన్నారు. ప్రతి చక్రంలో వాల్వుకు అంటుకుని ఒక చిన్న సెన్సార్ ఉంటుంది, దానిలో బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లకు అయిపోతుంది, బ్యాటరీ ఒక్కటే మార్చడానికి వీలుండదు, సెన్సారే మార్చాలి అన్నారు. ఇదంతా నిజమే. నాకూ సబబుగానే తోచింది. నాలుగు సెన్సార్లకు రూ. 20,800, బిగించి బండికి పరిచయం చేసినందుకు రూ. 2,800, బ్యాలెన్సింగ్‌కు రూ. 1,200. పాత సెన్సార్లు ఇవ్వమంటే స్క్రాప్‌లోకి వెళ్లిపోయాయన్నారు. కార్డు గీకి ఇంటికొచ్చాను. రెండో రోజు పొద్దున బండి ఆన్ చేస్తే లైటు మినుకుమినుకుమంటోంది. మా ఆవిడ పక్క సీట్లోంచి, "పాతిక వేలకి బాగా వెలుగుతోంది" అంది.

మార్చిలో నాలుగోసారి. బండి ఇచ్చి టీ తాగి వచ్చేలోపు ఫోన్ చేశారు: "సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేశాం సార్, ఇంక రాదు." నిజంగానే రాలేదు. డబ్బు కూడా తీసుకోలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

ఇక మే నెల సంగతి. మా అమ్మాయిని తెల్లవారుజామున విమానం ఎక్కించడానికి రాత్రి ఒంటిగంటకు బయల్దేరాం. ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కి శంషాబాద్ వైపు వెళ్తున్నాం. పెద్ద అంబర్‌పేట దాటాక స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. ముందు రోడ్డు వాలు అనుకున్నాను. బొంగ్లూరు వచ్చేసరికి లాగడం ఎక్కువైంది. అప్పటికి నేను 100 మీద ఉన్నాను. వేగం తగ్గించి పక్కకు ఆపి చూస్తే ముందు ఎడమ టైరు కూర్చుండిపోతోంది. మీటరులో ఒక్క లైటూ లేదు. పంపు తగిలించి చూస్తే 17 పీఎస్‌ఐ. మేకు దిగింది.

స్టెపినీ వేద్దామని బండి కింద వేలాడే చక్రాన్ని రాడ్డు తిప్పి దించాను. దాన్లో 12. ఉన్న టైరు పోయింది, ఆపద్ధర్మానికి పెట్టుకున్నదీ పోయింది. పక్కనుంచి లారీలు ఊపేసుకుంటూ పోతున్నాయి. కూతురు పాస్‌పోర్టు గుండెకు హత్తుకుని నిలబడింది. ఆ టెన్షన్ గురించి ఎక్కువ రాయను. లైటర్ సాకెట్‌లో గుచ్చే రూ. 1,900 పంపు ఒకటి డిక్కీలో ఉండబట్టి, పట్టిన గాలి కారిపోయేలోపు తుక్కుగూడ దాకా వెళ్లి, అక్కడ షాపులో పడుకున్నతన్ని లేపి పంచర్ వేయించుకున్నాం. అమ్మాయి విమానం అందుకుంది, అది మా అదృష్టం.

తిరిగి వస్తూ తెల్లారే వేళ ఒకటి గమనించాను. తాళం తిప్పగానే మీటరులో లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరతాయి కదా, బల్బులు బతికే ఉన్నాయని చూపడానికి. ఇంజను, బ్యాటరీ, ఆయిల్, హ్యాండ్ బ్రేక్, సీటు బెల్టు అన్నీ వెలిగాయి. టైరు లైటు ఒక్కటే వెలగలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా సెట్ చేస్తే అది అసలు వెలగకుండా ఎందుకుంటుంది?

మర్నాడు రాణిగంజ్ వెళ్లాను. అక్కడ ఆటో విడిభాగాల వీధిలో తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరున్నారు. మీటరు విప్పి, లోపలి పలక వెనక, సరిగ్గా ఆ గుర్తు మీద అతికించిన నల్ల టేపు ముక్కను గోరుతో లాగి నా చేతిలో పెట్టారు. చిటికెన వేలి గోరంత ఉంది. "మీ సాఫ్ట్‌వేర్ ఇదే సార్" అన్నారు.

పక్కనే టైర్ల షాపు. అక్కడి భాయ్ చేతిలో పట్టే చిన్న పరికరం తెచ్చి ఒక్కో చక్రం వాల్వు దగ్గర పెట్టాడు. సెన్సార్‌ను తట్టి లేపి, దాని నంబరు, లోపలి గాలి, బ్యాటరీ సంగతి చదివే పరికరం అది. నాలుగు చక్రాలూ చుట్టి వచ్చి, "గీ నాలుగు మంచిగనే మాట్లాడుతున్నయ్. స్టెపినీ చూపించిండ్రా ఎవరికన్నా?" అని అడిగాడు. చూపించలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. ఈ మోడల్‌లో స్టెపినీ కూడా మామూలు సైజు చక్రమే, దాన్లోనూ ఐదో సెన్సార్ ఉంది. పరికరం దాని దగ్గర పెడితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ అయిపోయింది. జనవరి నుంచి నాకు మినుకుమని చెబుతున్నది ఇదీ.

భాయ్ టైరు విప్పి, పాత సెన్సార్ మీద అచ్చయి ఉన్న నంబరు చదివి, అదే నంబరు కొత్త సెన్సార్‌లో ఎక్కించాడు. అలా చేస్తే బండికి మళ్లీ పరిచయం అక్కర్లేదట, పాతదే బతికొచ్చిందనుకుంటుంది. సెన్సార్ రూ. 2,600, పని రూ. 300. స్టెపినీలో 35 పట్టించుకుని బయల్దేరాను. లైటు కాసేపు వెలుగుతూనే ఉంది. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఇంజను ఆపి మళ్లీ ఆన్ చేశాను. అన్ని లైట్లతో పాటు వెలిగింది, వాటితో పాటే ఆరింది. అప్పటినుంచి ఈ రోజుదాకా రాలేదు.

ఇంటికొచ్చి మీ బిల్లులన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. ఫిబ్రవరి బిల్లుకు పిన్ను కొట్టిన స్కాన్ కాగితం అప్పుడే మొదటిసారి చదివాను. అందులో ఐదు వరసలున్నాయి. నాలుగింటి ఎదురుగా గాలి అంకెలున్నాయి. ఐదో వరస ఖాళీ. అంటే మీ సొంత కాగితమే పనిచేస్తున్నాయని చెప్పిన నాలుగింటిని తీసి పారేశారు, పలకనిదాన్ని బండి కింద వదిలేశారు. కొలతకు రూ. 1,180 తీసుకున్నవాళ్లు ఆ కొలత చదవలేదు. ఇదే నా అసలు ఫిర్యాదు. టేపు దీని తర్వాతిది.

టేపు లేకపోయినా ఓఆర్‌ఆర్ మీద నేను గమనించేవాణ్ణి కానేమో, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. లైటు అప్పటికే ఐదో సెన్సార్ కోసం వెలుగుతూ ఉండేది కాబట్టి మేకు దిగిన సంగతి అందులో కలిసిపోయేది. సరిగ్గా అందుకే లైటును కాదు, దాని కారణాన్ని ఆర్పాలి. మీ అడ్వైజర్ మాటల్లో ఇది "లగ్జరీ ఫీచర్". 2020లో మన కేంద్ర ప్రభుత్వం, ఈ గాలి హెచ్చరిక ఏర్పాటు, ట్యూబ్‌లెస్ పంచర్ కిట్ ఉన్న ప్రయాణికుల కార్లలో స్టెపినీ లేకపోయినా ఫరవాలేదని నిబంధన మార్చింది. స్టెపినీకి బదులు నిలబడగలదని సర్కారు నమ్మినదాన్ని మీవాళ్లు టేపుతో మూశారు.

ఇంకొకటి. మార్చి జాబ్ కార్డులో "కస్టమర్ కోరిక మేరకు టైర్ లైటు ఆపబడింది" అని రాశారు. నేను మొదటిరోజు అన్న "ఆర్పించు చాలు" అనే మాటను ఇలా వాడుకున్నారు. ఇంట్లో పిల్ల ఏడుస్తుంటే "ఆ ఏడుపు ఆపు" అంటాం. నోరు మూసేయమని కాదు కదా. రేపు ఏదైనా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు ఈ కార్డు చూస్తే, నా బండి హెచ్చరికను నేనే మూయించుకున్నట్టు కనబడుతుంది.

నాకు కావలసినవి ఇవి. రెండు స్కాన్‌ల డబ్బు, ఫిబ్రవరిలో బిగింపుకు, బ్యాలెన్సింగ్‌కు తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వాలి. సెన్సార్ల ధర మొత్తం అడగను. కొత్తవి నా బండిలోనే ఉన్నాయి, పాతవి ఎలాగూ ఇంకో ఏడాదికో రెండేళ్లకో పోయేవే. సగం మీరు భరించండి. అన్నీ కలిపి రూ. 16,760. మార్చి జాబ్ కార్డులోని ఆ వాక్యాన్ని కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి సంతకంతో నాకొక కాపీ ఇవ్వాలి. ఈ మోడల్‌కు ఐదో సెన్సార్ స్టెపినీలో ఉందని మీ సర్వీస్ సెంటర్లన్నిటికీ ఒక్క ముక్క రాసి పంపండి. నాలాంటి పాత బండ్లవాళ్లు ఈ ఊళ్లోనే చాలామంది ఉంటారు, వాళ్ల సెన్సార్లకూ ఇదే వయసు.

30 రోజుల్లో జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌కు వెళ్తాను. రూ. 5 లక్షల లోపు ఫిర్యాదుకు అక్కడ ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, నాకు తీరిక ఉంది.

నాలుగు జాబ్ కార్డులు, బిల్లులు, ఐదో వరస ఖాళీగా ఉన్న స్కాన్ కాగితం, రాణిగంజ్ రసీదు, వీటి జిరాక్సులు జతచేశాను. టేపు ముక్క ఫొటో తీసి పెట్టుకుని, అసలుది ఈ కవరులోనే పంపుతున్నాను. అది మీదే.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక పాత కస్టమర్