ఏమీ కనపడని వాళ్ళ గురించి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో చచ్చి బతికినోళ్ళ అనుభవాలని ఒక పేజీ నిండా వేసినారు, సొరంగం, అవతల వెలుతురు, ఎప్పుడో పోయిన అమ్మ వచ్చి పిలవడం, చదవడానికి బాగానే వుంది. అయితే దాంట్లో మా నాయన లాంటోళ్ళు ఒక్కరూ లేరు, అందుకే ఈ ఉత్తరం.

మాది అనంతపురం. రెండేళ్ళ కింద మా నాయనకి ఆస్పత్రిలో వుండగానే గుండె ఆగిపోయింది, నేను తలుపు దగ్గరే వున్నా, నర్సమ్మ ఛాతీ మీద ఒత్తతానే వుంది, షాక్ ఇచ్చినారు, మళ్ళీ కొట్టుకుంది. ఎన్ని నిమిషాలో ఏమో, నాకైతే ఒక పూట గడిచినట్టుండె. ఇంటికొచ్చినాక వేరే తలనొప్పి మొదలైంది. చూడ్డానికి వచ్చినోళ్ళంతా పండ్ల కవరు పక్కన పెట్టి అడిగేది ఒకటే, "ఏం కనపడింది మామా?" అని. ఆయన "ఏం ల్యాదురా, పండుకుని లేసినట్టుండె" అంటే వాళ్ళ మొగాలు వాడిపోయేవి. మా మేనత్త అయితే "పుణ్యం చేసినోళ్ళకే కనపడతుందంట" అనేసింది, సొంత అన్నతో! ఆ మాట ఆయనకి బాగా తగిలింది.

దానికి తోడు మా జేజి (నాయనమ్మ) కథ ఒకటి వుండె ఇంట్లో. వయసులో వున్నప్పుడు ఏదో విషజ్వరం వచ్చి, ఇంక లేదనుకుని మంచం మీంచి కిందికి దించినారంట, అప్పుడు ఇద్దరు నల్లటోళ్ళు రెక్క పట్టుకుని తీస్కపోయినారంట, అక్కడ లెక్కల పుస్తకం ముందరేసుకున్నాయన "ఈమె కాదు కదరా, అదే పేరుతో ఇంకొకామె" అని వాళ్ళని తిట్టి జేజిని ఎనక్కి పంపినాడంట. మాకోసం కల్పించిందేమో అనుకునేవాణ్ణి. తీరా చూస్తే బెంగళూరులో మనసు, మెదడు జబ్బులు చూసే నిమ్హాన్స్‌ ఆస్పత్రిలో పనిచేసిన సత్వంత్ పస్రీచా, అమెరికా డాక్టర్ ఇయాన్ స్టీవెన్సన్ కలిసి 1986లో మన దేశంలోవి 16 కేసులు రాసినారు, వాటిల్లో చాలావరకు ఇదే కథ, మనిషి మారిపోయింది ఎనక్కి పంపండి అని. (పైన కూడా మన ఆఫీసుల మాదిరే అన్నమాట.) తెల్లోళ్ళ కథల్లో ఈ గుమాస్తా పొరపాటు పెద్దగా కనపడదు. ఎవరికి అలవాటైన దేవుళ్ళు వాళ్ళకి కనపడతారేమో, అంతమాత్రాన జేజి అబద్ధం చెప్పిందని నేననను.

మీ వ్యాసంలో నెదర్లాండ్స్ డాక్టర్ పిమ్ వాన్ లొమ్మెల్ పేరు వేసినారు కదా, ఆయన 2001లో అచ్చువేసిన లెక్క ఏందంటే పది ఆస్పత్రుల్లో గుండె ఆగి బతికినోళ్ళు 344 మంది, ఏదో గుర్తుందని చెప్పినోళ్ళు 62. మిగతా 282 మంది మా నాయన పార్టీనే! వాళ్ళ గురించి ఒక్క లైను లేదు. ఆక్సిజన్ అందకపోవడం ఒక్కటే కారణమైతే అందరికీ కనపడాల కదా అని ఆ డాక్టరే అడిగినాడు, అది మంచి ప్రశ్నే, నాకూ జవాబు తెలీదు. కానీ మీరు పెట్టిన "సైన్స్ నిరూపించింది" అనే హెడ్డింగు మాత్రం అన్యాయం. శామ్ పార్నియా అనే డాక్టరు వాళ్ళు, ఒళ్ళు వదిలి పైనుంచి చూసినామనే మాట నిజమేనా అని, ఆస్పత్రి గదుల్లో పైనుంచి చూస్తేనే కనపడేట్టు అరల మీద బొమ్మలు పెట్టి మరీ పరీక్ష చేసినారు, 2014లో ఫలితాలు వచ్చినాయి, ఆ బొమ్మ చూసినోళ్ళు ఒక్కరూ లేరు. ఒకాయన చెప్పింది గదిలో జరిగినదానికి సరిపోయిందంట, ఏం లాభం, ఆయన వున్న చోట ఆ అరే లేదు.

ఈసారి వేసేటప్పుడు ఏమీ కనపడనోళ్ళని కూడా ఒకరిద్దరిని అడగండి సార్, ఆ పేపరు మా మేనత్తకి చూపించుకుంటా. ఎందుకంటే ఈ మధ్య మా నాయన టీ అంగడి కాడ "ఏదో వెలుతురు మాదిరి వుండెలే" అంటాండాడు. ఇంట్లో నిలదీస్తే "పోనీలేరా, వాళ్ళకి అదే కావాల" అన్నాడు. మొన్న ఆ వెలుతురులోకి మా జేజి కూడా వచ్చి చేరింది.

ఇట్లు,
మీ పాఠకుడు, అనంతపురం