ఖాళీ స్థలాల్లో కూరగాయలు పండించనివ్వండి

విశాఖ శివారు పేదల కాలనీల్లో ఖాళీ జాగాలు చెత్తకుప్పలవుతుంటే, అక్కడివాళ్లు కూరగాయలు కొనలేక చారుతో సరిపెట్టుకుంటున్నారు. మధురవాడ వైపు మా వీధిలో కొందరు ఆడవాళ్లు పాత బకెట్లలో, సిమెంటు సంచుల్లో తోటకూర, బచ్చలి పెంచుతున్నారు. తోటకూర నెల తిరిగేసరికి కోతకొస్తోంది. ఎరువుకూ పెద్ద ఖర్చు లేదు: 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5–10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి కలిపి రెండు రోజులు పులియనిస్తే జీవామృతం అనే ద్రవ ఎరువు తయారు, ఇళ్లకైతే అందులో పదో వంతు చాలు. పల్లెల్లో రైతులకు నేర్పుతున్న ఈ పద్ధతిని బస్తీ డ్వాక్రా సంఘాలకూ నేర్పి, ఖాళీ జాగాలను ఏడాది గడువుతో వాళ్లకే అప్పగించాలి. ముందు కుళాయి వేయాలి. నీళ్లు లేకుండా విత్తనాల పొట్లాలు పంచితే ఫొటోలకే పనికొస్తాయి. రైతుబజార్లలో మిగిలే ఆకుల చెత్తను కంపోస్టు చేసి ఈ తోటలకే పంపాలి.

– ఒక గృహిణి, మధురవాడ, విశాఖపట్నం