మీ వెనీలా సబ్బు ఎందుకు నల్లబడిందంటే

పోయిన నెల పంపిన వెనీలా సబ్బుల ఫోటోలు మీలో చాలామంది పెట్టారు. చేతికి వచ్చినప్పుడు మీగడ రంగులో ఉన్నది ఇప్పుడు ముదురు చెక్క రంగుకి తిరిగిందని. పాత సరుకు అంటగట్టారా అని ఒకరు నేరుగానే అడిగారు. అడగడం సబబే. అది పాత సరుకు కాదు గానీ, తప్పు మాత్రం నాదే.

వెనీలా వాసనకి మూలం వెనిలిన్. సబ్బులో కలిపాక అది మెల్లగా గోధుమ రంగుకి మారుతుంది. ఒక్కోసారి రెండు రోజులు చాలు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ సువాసన నూనెతో పాటు వచ్చిన కాగితంలో వెనిలిన్ ఎంత శాతమో రాసే ఉంది. సీసా మూత తీసి వాసన చూసి మురిసిపోయానే గానీ, ఆ కాగితం చదవలేదు. సబ్బు వాడుకోవడానికి బానే ఉంటుంది. తెల్ల టవల్ మీద మాత్రం కాస్త చూసుకోండి. వద్దనుకుంటే తిప్పి పంపండి, డబ్బు ఇచ్చేస్తాను.

ఇక మందార సబ్బు. వస్తుంది, వస్తుంది అని ఊరించి ఇన్నాళ్ళు నోరు మెదపలేదు. అది రాదు. మందార రేకులు రాత్రంతా నానబెడితే నీళ్ళు మంచి ఎరుపు దిగాయి. అందులో నూనెని సబ్బుగా మార్చే ఘాటు క్షారం, కాస్టిక్ సోడా, కొద్దికొద్దిగా వేస్తుంటే ఎరుపు పోయి పచ్చబడింది, గరిట నాలుగుసార్లు తిప్పేలోపు బురదనీళ్ళయింది. అంత క్షారానికి పూల ఎరుపు నిలవదట. ఈ ముక్క ముందే చదువుకుని ఉంటే రెండు బుట్టల పూలు మిగిలేవి. బీట్‌రూట్‌తోనూ ఇదే భాగోతం: అచ్చులో పోసినప్పుడు గులాబీ, తెల్లారేసరికి మట్టి. పసుపు కాస్త నయం. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా, ఇక్కడా ముందు అలాగే ఎర్రబడి, ఆరేకొద్దీ నారింజకి వచ్చి ఆగింది. అయితే కిటికీ పక్కన పెట్టిన ముక్క వెలిసిపోయింది.

నిలబడింది మంజిష్ఠ. వేరు పొడిని నూనెలో నానబెట్టి, వడకట్టి వాడాను. నిండు గులాబీ రంగు వచ్చింది, ఇప్పటికీ అలాగే ఉంది. నీలానికి నీలిమందు, నలుపుకి బొగ్గుపొడి. నమ్మకంగా చెప్పగలిగిన రంగులు ప్రస్తుతానికి నా దగ్గర ఇవే.

వాసనల కథ ఇంకోలా ఉంది. లవంగ నూనె కలిపిన రోజు గిన్నెలో ఉన్నదంతా నిమిషంలో ముద్దకట్టి, గరిట నిటారుగా నిలబడిపోయింది. అచ్చులో పోయడానికి లేదు, చేత్తో అదమాల్సి వచ్చింది. గ్లవ్స్ లేకపోతే ఆ పని ఊహించుకోలేను. ఆ సబ్బులు చూడ్డానికి రాళ్ళలా ఉన్నాయి, నేనే వాడుకుంటున్నాను. నారింజ నూనె ఇబ్బంది పెట్టదు గానీ, సబ్బు ఆరేలోపు సగం వాసన ఎగిరిపోతుంది. అందుకే ఆ సబ్బు వాసన తక్కువన్న మీ మాట నిజమే.

“కొబ్బరి నూనె బదులు మొత్తం ఆలివ్ నూనెతో చేసివ్వండి” అని అడిగినవాళ్ళకి: చేస్తాను, కానీ లెక్క మారుతుంది. 100 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 18.3 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, ఆలివ్ నూనెకి 13.5 చాలు. పాత తూకంతోనే నూనె మార్చేస్తే క్షారం మిగిలి చర్మం మండుతుంది. నేను లెక్క కన్నా 5 శాతం తగ్గించే వేస్తాను, ఆ కాస్త నూనె సబ్బులో మిగిలిపోతుంది. పైగా ఆలివ్ సబ్బు గట్టిపడటానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది, కాబట్టి తొందరపెట్టకండి.

మంజిష్ఠ సబ్బులు కోసి అరలో పెట్టి 12 రోజులైంది. ఇంకో నాలుగు వారాలు ఆరితే గానీ పంపను. సగం ముక్కల్లో ఏ వాసనా కలపలేదు, అవే కావాలంటే ముందుగా ఒక మాట చెప్పండి.