విందు వాళ్లది, మోత మాది

సంపాదకుడు గారికి,

జూబ్లీహిల్స్‌లో మా వీధి మలుపున వియత్నామీ రెస్టారెంటు పెడుతున్నారంటే సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. రైస్‌పేపర్‌లో చుట్టిన పచ్చికూరల రోల్స్, గంటల తరబడి ఎముకలు మరిగించిన ఫో సూపు, అడుగున కండెన్స్‌డ్ మిల్కు పోసి పైనుంచి చుక్కచుక్కగా డికాక్షన్ దింపే కాఫీ... వంటకు వంక పెట్టడానికి లేదు. వెదురు బుట్టల దీపాలు, ముస్తాబు కూడా ముచ్చటగానే ఉన్నాయి. చిక్కంతా రాత్రి పది దాటాకే. డాబా మీద బల్లలు పక్కకు జరుపుతారు, డీజే దిగుతాడు, రెస్టారెంటు కాస్తా లాంజ్ అయిపోతుంది. హనోయిలో జనం పొద్దున్నే ఓ గిన్నెడు ఫో తాగి పనికి పోతారట. మనకు అది అర్ధరాత్రి సరదా అయింది. కానివ్వండి, ఎవరి ఇష్టం వారిది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. వాణిజ్య ప్రాంతమైతే 55. సందు దొరుకుతున్నది ఇక్కడే. ముఖద్వారం ఉన్న రోడ్డు కమర్షియల్, వెనక ప్రహరీ అవతల మా పడకగదులు. అడిగితే రోడ్డు వైపు లెక్కే చూపిస్తారు. పది తర్వాత లౌడ్‌స్పీకర్లు మూసి ఉన్న హాళ్లలో, లోపలివాళ్ల వరకే వాడాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. కప్పులేని డాబా మూసి ఉన్న హాలు ఎలా అవుతుంది? ఇక్కడి పబ్‌ల మీద వేసిన కేసులో మన హైకోర్టు 2022లోనే రాత్రి పది తర్వాత సంగీతం వద్దంది.

కొలతలోనూ ఒక లొసుగు ఉంది. ఈ హద్దులన్నీ ‘ఎ’ వెయిటింగ్ డెసిబెల్స్‌లో ఉన్నవి. ఆ పద్ధతిలో బేస్ శబ్దాలను, అంటే లోతైన దరువును, బాగా తగ్గించి లెక్కిస్తారు. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ కోత. డీజే దడదడంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మాకు పాట సరిగా వినపడనే వినపడదు, దరువు మాత్రం గోడలోంచి దిండులోకి వస్తుంది. షోకేసులో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి టిక్కుటిక్కుమంటుంటాయి, మీటరు మాత్రం పెద్ద శబ్దమేమీ లేదంటుంది. 100కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాళ్లు వస్తారు, చెబుతారు, వెళతారు. వాళ్ల బండి మలుపు తిరగ్గానే వాల్యూమ్ మళ్లీ మామూలే.

బార్ లైసెన్సు ఎక్సైజ్ వాళ్లది, ట్రేడ్ లైసెన్సు బల్దియాది, ఫిర్యాదు పోలీసులది. ఎవరి ఫైలు వారిదే. కొత్త లైసెన్సుకైనా రెన్యువల్‌కైనా సౌండ్ లిమిటర్ తప్పనిసరి చేయాలి. హద్దు దాటితే శబ్దాన్ని తనంతట తానే తగ్గించే పరికరం అది. దాని సెట్టింగు డీజే చేతికి అందకుండా సీలు వేయాలి. కొలత పొరుగింటి కిటికీ దగ్గర తీసుకోవాలి, బేస్‌ను అంతగా కోయని ‘సి’ వెయిటింగ్‌లో కూడా. ఇక కార్లు పార్క్ చేసిపెట్టే వాలే (valet) కుర్రాళ్లు ఒంటిగంటకు కారు నంబర్లు కేకలేయడం మాన్పించడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, మేనేజరు గట్టిగా ఒక మాట చెబితే చాలు.

వ్యాపారం దెబ్బతింటుందని యాజమాన్యాల వాదన. వంటగది మూయమని ఎవరూ అనడం లేదు. డాబా మీది స్పీకర్లు దింపి, పాటలేవో లోపలి హాలులో తలుపులు వేసుకుని పెట్టుకోమంటున్నాం. లైసెన్సులో ఈ షరతు రాయాల్సింది ఏ శాఖో ప్రభుత్వం ముందు తేల్చాలి.

– ఒక కాలనీవాసి, జూబ్లీహిల్స్, హైదరాబాద్